దొరక్క దొరక్క దొరికిన ఊలు: జిమర్‌మన్ లెక్క, ఫాసెట్ రంగు

ఏళ్ల తరబడి కావాలనుకున్న ఊలు చేతికందాక, అల్లేవాళ్లలో చాలామంది దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. అడిగితే, దానికి తగ్గ డిజైన్ ఇంకా దొరకలేదంటారు. డిజైన్లకు నిజంగా కరువేమీ లేదు. 2007లో మొదలైన అల్లికల వెబ్‌సైట్ రావెల్రీలో ఊలు మందం, పొడవు చెప్పి వెతికితే తెల్లవార్లూ చూసినా తరగనన్ని బొమ్మలు వస్తాయి. కరువల్లా ధైర్యానికే. మామూలు ఊలుతో తప్పు చేస్తే ఇంకో ఉండ కొనుక్కుంటాం. ఇది పాడైతే మళ్లీ తెచ్చుకోలేం అన్న బెంగ పట్టుకున్నాక ఏ డిజైన్ చూసినా ఏదో ఒక లోపం కనిపిస్తుంది. ఒకటి మరీ సాదాగా ఉంటుంది, ఇంకొకటి మరీ ఆడంబరంగా ఉంటుంది, అన్నీ కుదిరినదానికి ఊలు ఒక ఉండ తక్కువవుతుంది.

ఈ బెంగను నేరుగా పట్టించుకున్న పుస్తకాలు రెండున్నాయని నా నమ్మకం. ఒకటి ఎలిజబెత్ జిమర్‌మన్ 1971లో తెచ్చిన ‘నిట్టింగ్ వితౌట్ టియర్స్’. రెండోది కేఫ్ ఫాసెట్ 1985లో తెచ్చిన ‘గ్లోరియస్ నిట్టింగ్’. అమెరికాలో ఇదే ‘గ్లోరియస్ నిట్స్’ పేరుతో వచ్చింది. డిజైన్ ముందు ఎంచుకుని, అందులో రాసిన ఊలు కొనుక్కొచ్చి, రాసిన కుట్లు రాసినట్టు వేసే అలవాటును ఇద్దరూ తిరగేశారు. ఊలు ముందు, వస్తువు తర్వాత అన్నారు. అక్కడిదాకా ఇద్దరిదీ ఒకే దారి. ఆ తర్వాత ఒకరు ఊలును విడిగా కూర్చోబెట్టి నీ స్వభావమేమిటని అడుగుతారు. ఇంకొకరు దానికి ముందు తోడు వెతుకుతారు.

వాళ్ల జీవితాలు కూడా ఎదురెదురు దారుల్లో నడిచాయి. జిమర్‌మన్ 1910లో ఇంగ్లండ్‌లో పుట్టి, లోజాన్‌లోనూ మ్యూనిక్‌లోనూ చిత్రకళ చదివి, జర్మన్ భర్తతో కలిసి 1937లో అమెరికా వెళ్లి, చివరికి విస్కాన్సిన్‌లో ఒక పాత బడి భవనంలో కాపురం పెట్టారు. ఫాసెట్ 1937లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టి, కాలిఫోర్నియా తీరంలో బిగ్ సర్ దగ్గర పెరిగి, చిత్రకారుడవుదామని 1964లో ఇంగ్లండ్ చేరారు. చిత్రకళ చదివిన మనిషి లెక్కల పద్ధతి కనిపెట్టారు, చిత్రకారుడవ్వాలనుకున్న మనిషి ఊలుతోనే బొమ్మలేశారు. ఇద్దరినీ ఒకచోట పెట్టి చదవాలనిపించడానికి ఇదొక కారణం.

పోలిక గాలిలో తేలిపోకూడదంటే ఒకే ఊలును ఇద్దరి చేతుల్లోనూ పెట్టి చూడాలి. నేను ఎంచుకున్నది షెట్లాండ్ ఊలు. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న ఆ దీవుల్లో, లెర్విక్ పట్నంలో, జేమీసన్ అండ్ స్మిత్ అనే సంస్థ అక్కడి రైతుల దగ్గర ఉన్ని కొని రెండు పోగుల జంపర్ వెయిట్ ఊలుగా అమ్ముతుంది. ఉండ 25 గ్రాములు, పొడవు దాదాపు 115 మీటర్లు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్నవాళ్లకు ఇది కొట్టుకెళ్లి తెచ్చుకునే సరుకు కాదు. బ్రిటన్ నుంచి వచ్చే బంధువుల పెట్టెలో చోటడిగి తెప్పించుకోవాలి. అలా పది ఉండలు వచ్చాయనుకుందాం. రంగు మూరిట్, షెట్లాండ్ వాళ్లు గొర్రె సహజమైన ఎర్రగోధుమ రంగును అలా పిలుస్తారు. మొత్తం 250 గ్రాములు, 1,150 మీటర్లు. పట్టుకుంటే కాస్త గరుకు. పోగును వెలుతురుకు పట్టి చూస్తే పక్కలకు సన్నటి నూగు లేచి ఉంటుంది. ఆ నూగే పక్క పోగును పట్టుకుంటుంది. అల్లినప్పుడు కుట్ల మధ్య సందులు కనిపిస్తాయి, గోరువెచ్చని నీళ్లలో ఉతికి ఆరేశాక ఊలు పొంగి ఆ సందులు పూడిపోతాయి. ఉండగా ఉన్నప్పుడు చూసి, ఉతికాక ఎలా ఉంటుందో ఊహించలేం. బెంగలో సగం అక్కడే పుడుతుంది.

జిమర్‌మన్ ముందు అడిగేది గేజ్ గురించే, అంటే ఈ ఊలుతో, ఈ సూదులతో, ఈ చేతికి అంగుళానికి ఎన్ని కుట్లు పడుతున్నాయన్నది. ఆ సంఖ్యను మనిషి చుట్టుకొలతతో హెచ్చవేస్తే ఒంటి భాగానికి కావలసిన కుట్లు వస్తాయి. దాన్ని నూరు శాతం అనుకుంటే మిగతావన్నీ అందులో వాటాలు. మన షెట్లాండ్‌కు అంగుళానికి 7 కుట్లు, చుట్టుకొలత 36 అంగుళాలు అనుకుంటే 252 కుట్లు. మణికట్టు దగ్గర అయిదో వంతు, అంటే 50. చెయ్యి పైభాగం మూడో వంతు, 84. చంకల్లో నూటికి ఎనిమిది చొప్పున 20. మెడకు నూటికి నలభై చొప్పున 100. ఒంటినీ రెండు చేతులనూ గొట్టాల్లా గుండ్రంగా అల్లి, చంకల దగ్గర ఒకే సూది మీదికి తెచ్చి, భుజాల మీదుగా మెడ దాకా తగ్గించుకుంటూ పోతే స్వెట్టర్ అయిపోతుంది. పక్కకుట్టు అవసరం దాదాపు ఉండదు.

ఈ లెక్కలో ఊలు పేరెక్కడా లేదు. ఆమె పద్ధతి గొప్పతనమంతా అక్కడే ఉందంటాను. పత్రికలో అచ్చయిన డిజైన్ ఒక ఫలానా కంపెనీ ఫలానా ఊలును ఊహించుకుని రాసింది. మన చేతిలో ఉన్నది అది కానప్పుడు ఆ డిజైన్ మనకు బిగుతైపోతుంది. జిమర్‌మన్ లెక్క ఏ ఊలునైనా ఉన్నది ఉన్నట్టు తీసుకుంటుంది. తాను గుండ్రంగా అల్లిన డిజైన్‌ను ఒక పత్రికవాళ్లు ముందు భాగం, వెనక భాగం విడివిడిగా అల్లి కుట్టేట్టు మార్చి అచ్చేశారని నొచ్చుకుని, 1958లో ఆమె సొంతంగా ఒక కరపత్రిక మొదలుపెట్టారు. అల్లే మనిషికీ ఊలుకూ మధ్య ఇంకెవరి ఆజ్ఞా ఉండకూడదన్న పట్టుదల ఆమె ప్రతి పేజీలోనూ కనిపిస్తుంది. ఆమె వాక్యం ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టుంటుంది. ఎక్కడ జాగ్రత్తపడాలో చెబుతారు, ఎక్కడ పట్టించుకోనక్కర్లేదో అంతకంటే గట్టిగా చెబుతారు. గేజ్ చూడటానికి పనికిరాని చదరపు ముక్క అల్లే బదులు ఒక టోపీ మొదలుపెట్టమన్నది కూడా ఆమే. ఖరీదైన ఊలు విషయంలో ఈ సలహా విలువ ఎక్కువ. పరీక్ష కోసం వాడిన ఊలు కూడా ఒక వస్తువై మిగులుతుంది.

ఫాసెట్ పుస్తకంలో ఈ లెక్కకు పెద్దగా చోటులేదు. అందులో ముందు కళ్లకు కొట్టేవి స్టీవ్ లోవీ తీసిన ఫొటోలు. పాత గోడలు, పింగాణీ పాత్రలు, పూలు, వాటి ముందు అవే రంగుల కోట్లు, స్వెట్టర్లు. జిమర్‌మన్ పుస్తకంలో నలుపు తెలుపు ఫొటోలు చూసి ఇక్కడికొస్తే చీకటి గదిలోంచి ఎండలోకి వచ్చినట్టుంటుంది. ఫాసెట్ అల్లికలోకి వచ్చిన వైనం కూడా ఊలు ముందు, వస్తువు తర్వాత అన్న మాటకు నిలువెత్తు ఉదాహరణ. 1960ల చివర్లో ఫ్యాషన్ డిజైనర్ బిల్ గిబ్‌తో కలిసి స్కాట్లాండ్ వెళ్లినప్పుడు ఇన్వర్‌నెస్ దగ్గర ఒక ఊలు మిల్లులో, బయట కొండల మీద చూసిన రంగులే షెట్లాండ్ ఊలులో కనిపించేసరికి ఇరవై రంగులు కొనేశారు. అప్పటికి ఆయనకు అల్లడం రాదు. లండన్ తిరిగి వెళ్లే రైల్లో తోటి ప్రయాణికురాలు ఒకావిడ నేర్పారు. కొన్నాళ్లకే, 1970లో బాత్ మ్యూజియం ఆ ఏటి ఉత్తమ దుస్తులుగా ఎంచిన బిల్ గిబ్ దుస్తుల్లో ఫాసెట్ డిజైన్ చేసిన అల్లిక వెయిస్ట్‌కోట్ ఉంది. 1988లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఆయన పనిని విడి ప్రదర్శనగా పెట్టింది. బతికున్న వస్త్ర కళాకారుడికి అక్కడ అలాంటి గౌరవం దక్కడం అదే మొదలు.

నేర్చుకోకముందే ఊలు కొన్న మనిషి రాసిన పుస్తకం కాబట్టి, అల్లిక నైపుణ్యం దగ్గర ఆయన బొత్తిగా బెదిరించరు. నిట్ కుట్టు, పర్ల్ కుట్టు వస్తే చాలు. ఆకారాలన్నీ దాదాపు పెట్టెల్లాంటివే, భుజం జారి, నడుము వంపు లేకుండా ఉంటాయి. ఆ నున్నటి పలక మీద పువ్వులు, గళ్లు, నక్షత్రాలు, దొర్లే ఘనాలు. ఒకే వరసలో ఎన్నో రంగులు. రంగు మారిన చోటల్లా కొత్త పోగు. పెద్ద ఉండలు వేలాడదీస్తే చిక్కుపడతాయి కాబట్టి పోగును రెండు మూడడుగుల ముక్కలుగా కత్తిరించి వాడమంటారు. చిక్కు పడ్డా ఒక్క గుంజుతో ఊడొస్తుంది. కొసలను తర్వాత సూదితో కుట్టుకుంటూ కూర్చోకుండా అల్లుతూనే లోపలికి కలిపేయమంటారు. పోగు సన్నగా ఉంటే రెండు కలిపి అల్లుకోవచ్చు. షెట్లాండ్ పక్కన మోహెయిర్, దాని పక్కన పట్టు, ఆ పక్కన షెనీల్ వచ్చినా ఆయనకు అభ్యంతరం లేదు. ఏ రంగు సరిపోవడం లేదనిపించినా ఆయన దగ్గర విరుగుడు ఒకటే, ఇంకొన్ని రంగులు కలపడం.

ఇప్పుడు మన పది మూరిట్ ఉండలను ఆయన ముందు పెట్టండి. ఆయన దృష్టిలో ఇది ఒక రంగు, అంటే పనిలో ఇరవయ్యో వంతు. మిగతా పందొమ్మిది ఎక్కడున్నాయని అడుగుతారు. ఇక్కడే నాకు ఆయనతో మొదటి తగవు. ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకు ఆ పందొమ్మిదీ తేలిక. మన బజారులో దొరికే స్వెట్టర్ ఊలు ఎక్కువగా యాక్రిలిక్. షెట్లాండ్ ఉతికితే పొంగి సర్దుకుంటుంది, యాక్రిలిక్ అలాగే ఉంటుంది. రెండూ ఒకే వరసలో పడితే ఒకచోట ముడత, ఒకచోట సాగుడు తప్పవు. రంగు కలిసింది కదా అని గుణం కలవదు. ఆయన పుస్తకంలో రంగు గురించి వందల వాక్యాలున్నాయి, ఊలు గుణం గురించి ఆ మేరకు లేవు. వస్తువు దూరం నుంచి ఎలా కనిపిస్తుందన్నది ఆయన ప్రశ్న. ఒంటి మీద వేసుకుంటే, పదిసార్లు ఉతికితే ఎలా ఉంటుందన్నది జిమర్‌మన్ ప్రశ్న.

ఊలు గుణమే వస్త్రాన్ని తేల్చడం మనకు తెలియని సంగతి కాదు. తెలంగాణలో దక్కనీ గొర్రెల ముతక నల్ల ఉన్నిని వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, మగ్గం మీద గొంగడి నేస్తారు. ఆ ఉన్నితో ఏం చేయాలన్న మీమాంస కురుమలకు ఎప్పుడూ రాలేదు. దాని ముతకదనం చలికీ వానకూ అడ్డం పడుతుంది కాబట్టి అది గొంగడే అయింది. జిమర్‌మన్ ఆలోచన ఈ తరహాది. అయితే ఆమె చేతికొచ్చే ఊలు ఎక్కడెక్కడిదో, పుట్టింటి వాడుక ఏదో తెలియనిది కాబట్టి గేజ్ అడుగుతారు, లెక్క వేస్తారు.

అలాగని ఫాసెట్‌ను రంగుల మనిషి అనేసి పక్కన పెడితే అన్యాయం. ఒక పనిలో ఆయన జిమర్‌మన్‌ను మించిపోయారు. చేతిలో ఉన్న ఊలు చాలకపోవడాన్ని ఆయన లోటుగా చూడరు. మూడు ఉండలే ఉన్నాయా, అయితే అది పువ్వు మధ్యలో పుప్పొడి అవుతుంది. ఒకటే ఉందా, అంచుగీత అవుతుంది. ఆశపడి కొన్న ఊలులో ఎక్కువ భాగం ఇలా ఒకటీ అరా ఉండలే. ఎక్కడో ఊరెళ్లినప్పుడు ఒక చిలప, ఇంకెవరో బహుమతిగా ఇచ్చిన పట్టు ఊలు ఉండ, రంగు చూసి ఆగలేక కొన్నది ఒకటి. స్వెట్టర్‌కు చాలవు, ఎవరికీ ఇవ్వబుద్ధి కాదు. వీటికి జిమర్‌మన్ లెక్కలో దొరికేది టోపీ, చేతి తొడుగులు, మహా అయితే మెడ చుట్టూ నాలుగు పట్టీలు. ఫాసెట్ దగ్గర అవన్నీ కలిసి ఒక పెద్ద వస్తువవుతాయి. ఆయన ‘పర్షియన్ పాపీ’ డిజైన్ చూడండి. ఎంత సంక్లిష్టంగా కనిపించినా వరసలో ఒకసారికి నడిచేవి రెండే పోగులు. నేలకు ఒకటి, పువ్వులకు ఒకటి. ఆ రెండు ఉండలనూ రకరకాల రంగు ముక్కలు కలిపి ముందే చుట్టుకుంటాం కాబట్టి, ఏ పువ్వుకు ఏ రంగు వస్తుందో ఊలే తేల్చుకుంటుంది. బీరువాలో మగ్గిపోతున్న చిల్లర ఊలుకు ఇంతకంటే దర్జా అయిన దారి నాకు కనిపించలేదు.

జిమర్‌మన్‌కు రంగు ఇంత సులువుగా పలకదు. ఆమెకు గొర్రె రంగులంటే ప్రేమ. తెలుపు, బూడిద, గోధుమ, నలుపు. ఆ పరిధిలో ఆమె అల్లికలు హుందాగా ఉంటాయి. అది దాటితే ఆమె డిజైన్ల మీద రంగు పైనుంచి అద్దినట్టుంటుంది, ఒక్కోసారి ఒకే భుజపట్టీ రంగు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తున్నట్టు కూడా ఉంటుంది. ఇంకో చిక్కు, ఆమె కొన్ని సూచనలను మరీ క్లుప్తంగా ఇస్తారు. ఆ క్లుప్తత చేయి తిరిగినవాళ్లకు గౌరవం. కొత్తవాళ్లు మాత్రం ఒళ్లు, చేతులు ఒకే సూది మీదికి చేరే చంకల దగ్గరికొచ్చి, ఏ కుట్టు ఎవరిదో తెలియక ఆగిపోతారు.

మన పది ఉండల విషయంలో ఆమె స్వెట్టర్ లెక్కకు ఇంకా పెద్ద ఇబ్బంది ఉంది. అల్లిక కింది అంచు నుంచి మొదలవుతుంది. 36 అంగుళాల స్వెట్టర్‌కు 1,150 మీటర్లు సరిపోవచ్చు, ఒక మూర తక్కువ కావచ్చు. తక్కువైన సంగతి తెలిసేది మెడ దగ్గరికొచ్చాక. ఒళ్లు ఎంత పొడవుండాలన్న నిర్ణయం, ఊలు ఎంత ఖర్చవుతుందో తెలియని మొదటి రోజుల్లోనే తీసుకోవాలి. ఆమె పుస్తకం వచ్చిన మరుసటి ఏడు, 1972లో, బార్బరా వాకర్ ‘నిట్టింగ్ ఫ్రమ్ ద టాప్’ తెచ్చి దీన్ని తలకిందులు చేశారు. మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లుకుంటూ వస్తే, చేతులు ముందే పూర్తిచేసుకుని, మిగిలిన ఊలు ఎంతదాకా వస్తే ఒళ్లు అంతదాకా పోనివ్వవచ్చు. మధ్యలో ఒంటికి పెట్టుకుని చూసుకోవచ్చు కూడా. ఖరీదైన, లెక్కకు మించి ఒక్క ఉండ కూడా లేని ఊలుతో స్వెట్టరే కావాలనుకుంటే, జిమర్‌మన్ వాటాలను వాకర్ దిశలో వాడాలన్నది నా అభిప్రాయం. ఈ రెండు పుస్తకాల నిజమైన జోడీ అక్కడ కుదురుతుంది.

అసలు స్వెట్టరే ఎందుకు? కోస్తాలో ఉన్నవాళ్లకు షెట్లాండ్ స్వెట్టర్ వేసుకునే రోజులు ఏడాదికి ఎన్ని? రైల్లో, విమానంలో కప్పుకునే శాలువా అయితే ఎక్కువ వాడుకలోకి వస్తుంది. 1974లో వచ్చిన ‘నిట్టర్స్ ఆల్మనాక్’లో జిమర్‌మన్ నెలకొక పని ఇస్తూ, జూలైకి ఒక గుండ్రటి శాలువా ఇచ్చారు. వృత్తం వ్యాసార్ధం రెట్టింపైతే చుట్టుకొలత కూడా రెట్టింపవుతుందన్న బడి లెక్క తప్ప అందులో ఇంకే రహస్యమూ లేదు. మధ్యలో 9 కుట్లతో మొదలు. ఒక వరస తర్వాత కుట్లు రెట్టింపై 18. మూడు వరసల తర్వాత 36. ఆరు వరసల తర్వాత 72. పన్నెండు తర్వాత 144, ఇరవైనాలుగు తర్వాత 288, నలభై ఎనిమిది తర్వాత 576. రెట్టింపు చేసే వరసలు తప్ప మిగతావన్నీ సాదాగా అల్లుకోవచ్చు, నచ్చిన లేసు పెట్టుకోవచ్చు. ఊలు అయిపోవచ్చినప్పుడు ఆపేయవచ్చు.

ఈ సంఖ్యలను కాస్త దగ్గరికెళ్లి చూడాలి. పెంచే వరసలు వదిలేస్తే, మొదటి 46 వరసల్లో పడే కుట్లు 4,599. ఆ తర్వాత 288 కుట్ల దశలో ఉన్న 48 వరసల్లో పడేవి 13,824, అంటే మూడు రెట్ల పైచిలుకు. సగం వ్యాసార్ధం అల్లేసరికి ఖర్చయిన ఊలు చాలా తక్కువ. సూదులు లావయ్యాయా, లేసు నప్పలేదా, ఊలు గుణం మనం అనుకున్నట్టు లేదా, ఇవన్నీ ఆ మొదటి 46 వరసల్లోనే తేలిపోతాయి. నచ్చకపోతే విప్పేసి మళ్లీ మొదలుపెట్టడానికి పెద్ద నష్టం లేదు. ఊలు చాలదన్న బాధా లేదు, ఎక్కడ ఆపినా అది గుండ్రటి శాలువాయే. పది ఉండలతో 576 కుట్ల దశలో చాలా దూరం పోవచ్చు. బెంగతో బీరువా దాటని ఊలుకు ఇంత దయగల డిజైన్ ఇంకొకటి ఉందనుకోను. మనసు మార్చుకునే అవకాశాన్ని మొదట్లో చవగ్గా ఇస్తుంది, ఊలు ఎక్కువ ఖర్చయ్యే భాగం మన అనుమానాలు తీరాక వస్తుంది.

ఇద్దరినీ తూచడానికి నేను చివరికి పట్టుకున్న తూనిక ఇదే. విప్పి మళ్లీ అల్లుకోవచ్చా? మామూలు ఊలు విషయంలో ఇది చిన్న ప్రశ్న. మళ్లీ దొరకని ఊలు విషయంలో మిగతా ప్రశ్నలన్నిటికంటే పెద్దది. అద్దకం వేసిన ఊలైతే ఇంకా పెద్దది. అదే రంగు సంఖ్య చూసి ఇంకో ఉండ తెప్పించినా, అద్దకం కడవ వేరైతే వరస మారిన చోట గీత కనిపిస్తుంది. ఫాసెట్ పద్ధతిలో కత్తెర మొదటి రోజే పనిలోకి దిగుతుంది. ఊలు రెండు మూడడుగుల ముక్కలైపోయాక దాన్ని విప్పితే మిగిలేది ముక్కల కుప్పే. ఇంకో ఫాసెట్ డిజైన్‌కు అవి పనికొస్తాయి, ఇంకెందుకూ పనికిరావు. జిమర్‌మన్ పద్ధతిలో అల్లిక పూర్తయ్యేదాకా పోగు తెగకుండా సాగుతుంది. ఉతకకముందు ఎప్పుడు లాగినా ఉండగా తిరిగొస్తుంది. ఉతికి పొంగాక మాత్రం షెట్లాండ్ పోగులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, అప్పుడు విప్పడం కష్టం.

ఈ తేడా ఇంత నున్నగా ఉండదని కూడా చెప్పాలి. జిమర్‌మన్ కత్తెర ముట్టని మనిషేమీ కాదు. ముందు తెరుచుకునే కోటు కావాలంటే మొదట మూసి ఉన్న గొట్టంలా గుండ్రంగా అల్లి, కోయాల్సిన గీతకు రెండు పక్కలా కుట్టు మిషన్ మీద కుట్లు వేసి, నడిమధ్యలో నిలువునా కోసేయమంటారు. మొదటిసారి చదివినవాళ్లకు గుండె ఆగినంత పనవుతుంది. షెట్లాండ్ ఊలు ఇందుకు ఎంతో అనువైనది. పోగులకు పట్టు ఉంది కాబట్టి కోసిన అంచు ఊడిపోదు. అంటే తిరిగి తీసుకోలేని పని ఇద్దరి దగ్గరా ఉంది. వేళల్లో ఉంది తేడా. ఫాసెట్ కత్తెర ఊలును అల్లి చూడకముందే పడుతుంది, జిమర్‌మన్ కత్తెర ఆ ఊలు ప్రతి మూరనూ వేళ్ల మధ్య నడిపించి, అది ఏమిటో పూర్తిగా తెలుసుకున్నాక పడుతుంది. కొత్తగా చేతికొచ్చిన, అపురూపమైన ఊలుకు రెండో క్రమమే న్యాయం.

కాబట్టి ఒకే రంగులో, ఒక వస్తువుకు సరిపడా దొరికిన ఊలుకు జిమర్‌మన్ పుస్తకమే తెరవాలి, ఫాసెట్‌ది మూసే ఉంచాలి. మన పది మూరిట్ ఉండల్లో ఒకదానితో టోపీ మొదలుపెట్టి, నాలుగైదు అంగుళాలు అల్లి, సూది మీదనుంచి తీసి, ఉతికి ఆరేసి గేజ్ చూడాలి. అంగుళానికి 7 కుట్ల దగ్గర బట్ట గట్టిగా, పొంకంగా ఉంటే స్వెట్టర్, వాకర్ చెప్పినట్టు మెడ నుంచి. లావు సూదులతో అల్లినప్పుడే ఊలు బాగా విచ్చుకుంటోందనిపిస్తే 9 కుట్లతో శాలువా. ఏది మొదలుపెట్టినా, చివర్లో మిగిలే అర ఉండో పావు ఉండో పారేయకూడదు. అప్పుడు ఫాసెట్ పుస్తకం తెరవాలి. అప్పటికి మూరిట్ ఎలా పొంగుతుందో, ఏ రంగు పక్కన ఎలా ఉంటుందో చేతికి తెలిసిపోయి ఉంటుంది. ఇతర చిల్లర ఊలులో నిజమైన ఉన్ని ఏదో, కానిదేదో ఏరి, ఉన్నివి మాత్రం ముక్కలు కలిపి ఆ పువ్వుల ఉండ చుట్టుకోవచ్చు.